విమాన ప్రణాళికలో విమాన రకం, పరికరాల సంకేతాలు

విమాన రకం, పరికరాల సంకేతాలు అనేవి, బయలుదేరబోయే విమానం ఏ రకానికి చెందినదో, అందులో ఏయే సంభాషణ, మార్గ నిర్దేశక, నిఘా పరికరాలు ఉన్నాయో విమాన రాకపోకల నియంత్రణ కేంద్రాలకు ముందుగా తెలియజేసే పొట్టి గుర్తులు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) నిర్ణయించిన విమాన ప్రణాళిక పత్రంలో వీటిని 9వ, 10వ అంశాలలో రాస్తారు. అక్కడ ఇమడని వివరాలు 18వ అంశంలోకి వెళ్తాయి. విమాన ప్రణాళికను వాడుకలో ఫ్లైట్ ప్లాన్ అనే అంటారు.

ఈ సంకేతాలు ప్రపంచమంతటా రోమన్ అక్షరాలలోనే ఉంటాయి. ఈ వ్యాసంలో ఆ అక్షరాలను వాటి పేర్లతో తెలుగు లిపిలో ఇవ్వడమైనది.

అవసరం

రాడార్ తెర ముందు కూర్చున్న కంట్రోలరుకు విమానం కనబడదు. ఒక చుక్క, దాని పక్కన రెండు మూడు వరుసల అక్షరాలు, అంకెలు మాత్రమే కనబడతాయి. ఆ విమానాన్ని ఏ ఎత్తుకు పంపవచ్చు, ఏ దారిలో పంపవచ్చు, దాని వెనుక వచ్చే విమానాన్ని ఎంత దూరంలో ఉంచాలి, రేడియో అందని సముద్రం మీద దానితో ఎలా మాట్లాడాలి అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు విమాన ప్రణాళికలోని ఈ రెండు అంశాల నుండే వస్తాయి. ప్రతి విమానాన్నీ ఆకాశంలో పలకరించి నీ దగ్గర ఏమేమి పరికరాలున్నాయని అడగడం సాధ్యం కాదు.

సంకేతాలు ఇంత పొట్టిగా ఉండడానికి కారణం చారిత్రకమైనది. విమాన ప్రణాళికలు ఒక దేశం నుండి మరొక దేశానికి టెలిప్రింటర్ తీగల మీద వెళ్ళే రోజులలో ప్రతి అక్షరానికీ విలువ ఉండేది. తీగలు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆ రూపం అలాగే మిగిలిపోయింది. ఈ పత్రాన్ని నింపే నియమాలు ఐకావో 4444వ సంఖ్య గల ప్రచురణలో, విమాన రకాల పట్టిక 8643వ సంఖ్య గల ప్రచురణలో ఉన్నాయి.

విమాన రకపు సంకేతం

9వ అంశంలో మూడు విషయాలుంటాయి: విమానాల సంఖ్య, రకం, వెనుక సుడి వర్గం. ఒకే విమానమైతే సంఖ్య రాయనక్కరలేదు. గుంపుగా ఎగిరే విమానాలకే అది అవసరమవుతుంది.

రకపు సంకేతంలో నాలుగుకు మించి అక్షరాలు, అంకెలు ఉండవు. సాధారణంగా తయారీదారు పేరులోని అక్షరాన్ని, నమూనా సంఖ్యలోని అంకెలను కలిపి దీన్ని తయారు చేస్తారు. ఎయిర్‌బస్ ఎ320కి సంకేతం ఎ320 అనే. కొత్త ఇంజన్లతో వచ్చిన ఎ320 నియోకు ఎ20ఎన్, ఎ321 నియోకు ఎ21ఎన్. బోయింగ్ 777-300ఇఆర్‌కు బి77డబ్ల్యు. చిన్న పట్టణాలకు ఎక్కువగా తిరిగే ఎటిఆర్ 72-600కు ఎటి76. కాన్పూరులో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ తయారు చేసిన డోర్నియర్ 228కు డి228. శిక్షణలో ఉన్న పైలట్లకు బాగా పరిచయమైన సెస్నా 172కు సి172.

విద్యార్థులు తరచు పొరబడేది బోయింగ్ 737 విషయంలో. బి737 అంటే 737 కుటుంబం మొత్తమని అనుకోవడం సహజం, కానీ అది ఒక్క 737-700 నమూనాకు మాత్రమే చెందిన సంకేతం. 737-300కు బి733, 737-800కు బి738, 737-900కు బి739. ఆ తరువాత వచ్చిన 737 మాక్స్ 8కు బి38ఎం. బి738, బి38ఎం విమానాలు దూరం నుండి చూసేవారికి ఒకేలా ఉంటాయి. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో మాక్స్ 8 విమానాలు కూలిన తరువాత భారతదేశంతో సహా అనేక దేశాలు మాక్స్ రకాన్ని నిలిపివేశాయి. అప్పుడు విమాన ప్రణాళికలలో నిషేధం ఉన్నదాన్ని లేనిదాన్ని వేరు చేసి చూపినది ఈ నాలుగు గుర్తులే.

ఒకే సంకేతం కింద పలు పేర్లు రావడం కూడా కద్దు. డిసి-3 ప్రయాణికుల విమానం, దాని సైనిక రూపమైన సి-47, బ్రిటిష్ వారు దానికి పెట్టిన డకోటా అనే పేరు, అన్నీ డిసి3 అనే సంకేతంలోకే వస్తాయి. హైదరాబాదు బేగంపేట కేంద్రంగా 1953 వరకు నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ వాడినవి ఈ డకోటాలే. కంట్రోలరుకు కావలసింది విమానం ఎగిరే తీరు మాత్రమే గనుక, ఒకే విధంగా ఎగిరే విమానాలకు వేరు వేరు గుర్తులు అవసరం లేదు.

పట్టికలో లేని రకమైతే జెడ్ అక్షరాన్ని నాలుగు సార్లు రాసి, అసలు పేరును 18వ అంశంలో టివైపి అనే గుర్తు తరువాత ఇస్తారు. బెలూన్లకు బిఏఎల్‌ఎల్, గ్లైడర్లకు జిఎల్‌ఐడి వంటి సామాన్య సంకేతాలు కూడా ఉన్నాయి.

విమాన టికెట్ల మీద, సంస్థల కాలపట్టికలలో కనబడే 320, 738, 77డబ్ల్యు వంటి మూడక్షరాల గుర్తులు వేరు. అవి విమాన సంస్థల సంఘమైన ఐయాటా ఇచ్చినవి. వాటిని విమాన ప్రణాళికలో వాడరు.

వెనుక సుడి వర్గం

ఎగిరే ప్రతి విమానమూ తన రెక్కల కొనల నుండి రెండు సుడులను వెనుక విడిచిపోతుంది. విమానం ఎంత బరువైనదైతే సుడి అంత బలమైనది. దీన్ని వేక్ టర్బులెన్స్ అంటారు. ఇది కంటికి కనబడదు. వెనుక వచ్చే చిన్న విమానం అందులో చిక్కితే పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. అందువలన రకపు సంకేతం తరువాత ఒక అడ్డుగీత గీసి ఒక అక్షరం రాస్తారు. 7,000 కిలోలు, అంతకు లోపు బరువైతే ఎల్, 7,000 కిలోలు మించి 1,36,000 కిలోల లోపైతే ఎం, 1,36,000 కిలోలు, ఆపైన అయితే హెచ్. అతి పెద్దదైన ఎయిర్‌బస్ ఎ380 కోసం జె అనే నాలుగవ వర్గాన్ని ఏర్పరచారు. ఇక్కడ లెక్కకు వచ్చేది ఆ రోజు విమానం మోస్తున్న బరువు కాదు, పైకెగరడానికి ధ్రువపత్రం అనుమతించిన గరిష్ఠ బరువు. ఖాళీగా వెళ్తున్న బోయింగ్ 747 కూడా హెచ్ వర్గమే.

దిగడానికి వస్తున్నప్పుడు హెచ్ వెనుక ఎం విమానం 5 నాటికల్ మైళ్ళు, ఎల్ విమానం 6 నాటికల్ మైళ్ళు దూరంలో ఉండాలి. జె వెనుక ఎల్ విమానానికి 8 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 15 కిలోమీటర్లు కావాలి.

బరువు ఒక్కటే ప్రమాణం కాదని బోయింగ్ 757 నిరూపించింది. దాని గరిష్ఠ బరువు 1,36,000 కిలోల కంటె తక్కువ కనుక అది ఎం వర్గంలోకే వస్తుంది. కానీ దాని వెనుక సుడి ఆ వర్గంలోని ఇతర విమానాల సుడి కంటె బలమైనదని అనుభవంలో తేలింది. 1993 డిసెంబరు 15న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాంటా ఆనా విమానాశ్రయానికి దిగబోతున్న వెస్ట్‌విండ్ అనే చిన్న జెట్ విమానం తన ముందున్న 757 సుడిలో చిక్కి కూలిపోయింది. అందులోని అయిదుగురూ మరణించారు. ముందున్నది ఫలానా నమూనా విమానమని వెనుక వారికి చెప్పవలసిన నియమం అప్పటికి కంట్రోలర్లకు లేదు. 1994లో అమెరికా 757 వెనుక పాటించవలసిన దూరాన్ని పెంచింది. ఐకావో పట్టికలో 757 ఇప్పటికీ ఎం గానే ఉన్నా, కొన్ని దేశాలు దాన్ని ప్రత్యేకంగా చూస్తాయి. అడ్డుగీత తరువాతి అక్షరంతో పాటు దాని ముందున్న రకపు సంకేతాన్ని కూడా కంట్రోలరు చదవవలసి రావడానికి ఇదొక కారణం.

పరికరాల సంకేతాలు

10వ అంశాన్ని ఒక అడ్డుగీత రెండు భాగాలుగా విడదీస్తుంది. గీతకు ముందు సంభాషణ, మార్గ నిర్దేశక పరికరాలు, గీత తరువాత నిఘా పరికరాలు.

ఇక్కడ ఒక అక్షరం రాయాలంటే మూడు షరతులు తీరాలి. ఆ పరికరం విమానంలో ఉండి పనిచేస్తూ ఉండాలి. దాన్ని వాడగల అర్హత పైలట్లకు ఉండాలి. అధికార సంస్థ అనుమతి అవసరమైన చోట ఆ అనుమతి కూడా ఉండాలి. పరికరం ఉండడం వేరు, దాన్ని వాడగలగడం వేరు. నిన్నటి వరకు పనిచేసి ఈ ఉదయం చెడిపోయిన పరికరపు అక్షరాన్ని తీసివేసి ప్రణాళికను పంపాలి. పాత ప్రణాళికను నకలు తీసి పంపే అలవాటు వలన ఇక్కడ తప్పులు దొర్లుతుంటాయి.

మొదటి భాగంలో ఎస్ అంటే ప్రామాణిక పరికరాలన్నీ ఉన్నాయని అర్థం. అవి విహెచ్‌ఎఫ్ రేడియో, విఓఆర్ అనే నేల మీది దిక్సూచక కేంద్రాలను అందుకునే పరికరం, రన్‌వే మీదికి దారి చూపే ఐఎల్‌ఎస్. ఏ పరికరమూ లేకపోతే ఎన్. తక్కిన అక్షరాలలో తరచు కనబడేవి ఇవి: దూరాన్ని కొలిచే డిఎంఇకి డి, పాత పద్ధతి రేడియో దిక్సూచి ఎడిఎఫ్‌కు ఎఫ్, ఉపగ్రహాల ద్వారా స్థానం తెలుసుకునే పద్ధతికి జి, సముద్రాల మీద దూర సంభాషణకు వాడే హెచ్‌ఎఫ్ రేడియోకు హెచ్, బయటి సంకేతాలతో పనిలేకుండా స్థానాన్ని లెక్కగట్టే ఇనర్షియల్ పరికరానికి ఐ. మాటలకు బదులు అక్షరాలలో ఆదేశాలు పంపే డేటా లింకుకు జె అక్షరం పక్కన 1 నుండి 7 వరకు అంకె వేస్తారు. ఏ అంకె అనేది ఆ సందేశాలు నడిచే మార్గాన్ని బట్టి ఉంటుంది.

వై అక్షరం కథ వేరు. విమానాల విహెచ్‌ఎఫ్ రేడియోలో 118 నుండి 137 మెగాహెర్ట్‌జ్ వరకు ఉన్న చోటును 25 కిలోహెర్ట్‌జ్ చొప్పున పంచితే 760 చానళ్ళు వస్తాయి. యూరప్ ఆకాశంలో అవి చాలలేదు. ఒక్కొక్క దాన్ని మూడుగా చీల్చి 8.33 కిలోహెర్ట్‌జ్ చానళ్ళు చేశారు. ఆ సన్నని చానళ్ళలో మాట్లాడగల రేడియో ఉన్న విమానం వై రాస్తుంది. అది లేని విమానాన్ని అక్కడి పై ఆకాశంలోకి సాధారణంగా రానివ్వరు.

బి అక్షరానికి భారతదేశంతో సంబంధం ఉంది. ఉపగ్రహ సంకేతాలలోని లోపాలను సరిదిద్ది, ఐఎల్‌ఎస్ లేని రన్‌వేకు కూడా ఎత్తుతో సహా దారి చూపే పద్ధతిని ఎల్‌పివి అంటారు. దాన్ని వాడగల విమానం బి రాస్తుంది. దీనికి అవసరమైన దిద్దుబాటు సంకేతాలను ఇక్కడ అందించేది భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, ఇస్రో కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ. 2022 ఏప్రిల్‌లో ఇండిగో సంస్థకు చెందిన ఎటిఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ విమానాశ్రయంలో గగన్ సాయంతో ఈ పద్ధతిలో దిగింది. ఐఎల్‌ఎస్ పెట్టే స్తోమత లేని చిన్న విమానాశ్రయాలకు ఈ ఒక్క అక్షరం విలువైనది.

డబ్ల్యు అక్షరం

మొదటి భాగంలో అన్నిటికంటె ఖరీదైన అక్షరం డబ్ల్యు అని చెప్పవచ్చు. పూర్వం 29,000 అడుగుల పైన ఎగిరే విమానాల మధ్య నిలువుగా 2,000 అడుగుల ఎడం ఉంచేవారు. పై ఆకాశంలో గాలి పలచబడి ఎత్తును కొలిచే పరికరాలు అంత కచ్చితంగా పనిచేయకపోవడమే అందుకు కారణం. పరికరాలు మెరుగుపడిన తరువాత 29,000 నుండి 41,000 అడుగుల వరకు ఈ ఎడాన్ని 1,000 అడుగులకు తగ్గించారు. దీన్ని ఆర్‌విఎస్‌ఎం అంటారు. 1997లో ఉత్తర అట్లాంటిక్ మీద మొదలై, 2002లో యూరప్‌కు, 2003లో భారత గగనతలానికి, 2005లో అమెరికాకు ఇది విస్తరించింది. దీనివలన కొత్తగా ఆరు ఎత్తులు వాడుకలోకి వచ్చాయి.

డబ్ల్యు రాయాలంటే ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు ఎత్తుమాపకాలు, నిర్ణీత ఎత్తును తానుగా నిలిపే ఆటోపైలట్, ఎత్తు తప్పితే హెచ్చరించే పరికరం, ఎత్తును తెలిపే ట్రాన్స్‌పాండర్ ఉండాలి. వాటిపై అధికార సంస్థ ఆమోదముద్ర ఉండాలి. వీటిలో ఒకటి చెడిపోతే డబ్ల్యు తీసివేయాలి. అప్పుడు జెట్ విమానం సాధారణంగా 29,000 అడుగుల కింద, చిక్కని గాలిలో ఎక్కువ ఇంధనం కాలుస్తూ వెళ్ళవలసి వస్తుంది. ఈ ఖర్చు తప్పించుకోవడానికి అక్షరాన్ని అలాగే ఉంచితే, కంట్రోలరు ఆ విమానానికి 1,000 అడుగుల ఎడంలోనే మరొక విమానాన్ని పంపుతాడు. ప్రభుత్వ, సైనిక విమానాలు ఈ ఆమోదం లేకుండా ఆ ఎత్తులకు వెళ్ళవలసి వస్తే ఆ సంగతిని 18వ అంశంలో వేరుగా తెలపాలి.

నిఘా పరికరాలు

అడ్డుగీత తరువాతి అక్షరాలు నేల మీది రాడార్ అడిగే ప్రశ్నకు విమానం ఏమని జవాబిస్తుందో చెబుతాయి. ఎ అంటే నాలుగంకెల గుర్తింపు సంఖ్యను మాత్రమే పంపే ట్రాన్స్‌పాండర్. ప్రతి అంకె 0 నుండి 7 లోపే ఉంటుంది కనుక మొత్తం 4,096 సంఖ్యలు సాధ్యం. సి అంటే సంఖ్యతో పాటు ఎత్తును కూడా పంపేది. మోడ్ ఎస్ అనే మరింత ఆధునికమైన ట్రాన్స్‌పాండర్లలో తేడాలను ఇ, హెచ్, ఐ, ఎల్, పి, ఎస్, ఎక్స్ అనే అక్షరాలు తెలుపుతాయి. ఎవరూ అడగకపోయినా విమానం తన స్థానాన్ని తానే ప్రకటించే ఎడిఎస్-బి పద్ధతికి బి1, బి2 వంటి గుర్తులున్నాయి.

ఎ, సి అక్షరాల మధ్య తేడా ఎంతటిదో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రి వద్ద జరిగిన ప్రమాదాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. ఢిల్లీ నుండి పైకెగిరిన సౌదీ బోయింగ్ 747, ఢిల్లీలో దిగబోతున్న కజకస్తాన్ ఇల్యూషిన్-76 ఆకాశంలో ఢీకొని రెండు విమానాలలోని 349 మందీ మరణించారు. సౌదీ విమానం 14,000 అడుగుల వద్ద, కజక్ విమానం 15,000 అడుగుల వద్ద ఉండవలసి ఉండగా కజక్ విమానం తన ఎత్తు కంటె కిందికి దిగింది. అప్పుడు ఢిల్లీలో వాడుకలో ఉన్న ప్రాథమిక రాడార్ విమానం ఎక్కడ ఉన్నదో చూపగలదే గాని ఎంత ఎత్తున ఉన్నదో చూపలేదు. పైలట్లు నోటితో చెప్పిన ఎత్తే కంట్రోలరుకు ఆధారం. ప్రణాళికలో ఏ అక్షరం ఉన్నా, ఆ జవాబును వినే ద్వితీయ రాడార్ నేల మీద లేకపోతే ప్రయోజనం లేదు. ఈ ప్రమాదం తరువాత విమానాలు తమలో తాము ఢీకొనకుండా హెచ్చరించుకునే పరికరాన్ని భారతదేశం తప్పనిసరి చేసింది. ఆ పరికరం కూడా ఎదుటి విమానపు ట్రాన్స్‌పాండర్ జవాబు మీదే ఆధారపడుతుంది.

దీనికి భిన్నమైన ఘటన 2006 సెప్టెంబరు 29న బ్రెజిల్‌లో జరిగింది. అమెజాన్ అడవుల మీద 37,000 అడుగుల ఎత్తున గోల్ సంస్థకు చెందిన బోయింగ్ 737-800, ఎదురుగా వస్తున్న లెగసీ అనే చిన్న జెట్ ఢీకొన్నాయి. బోయింగ్‌లోని 154 మందీ మరణించారు, లెగసీ క్షేమంగా దిగింది. లెగసీలో ట్రాన్స్‌పాండర్ ఉంది, కానీ ప్రమాదానికి దాదాపు గంట ముందు నుండి అది జవాబులు పంపలేదు. ప్రణాళిక ప్రకారం లెగసీ అప్పటికి వేరే ఎత్తుకు మారి ఉండాలి. కంట్రోలరు తెర మీద ప్రణాళికలోని ఎత్తు దానంతట అదే కనబడింది. ప్రణాళికలోని అక్షరం బయలుదేరే నాటి సంగతిని చెబుతుందే గాని ఆ క్షణపు స్థితిని చెప్పదు. అందుకే ట్రాన్స్‌పాండర్ వంటి పరికరం గాలిలో చెడిపోతే వెంటనే రేడియోలో తెలియజేయాలన్న నియమం ఉంది.

ఒక ఉదాహరణ

హైదరాబాదు నుండి ఢిల్లీకి వెళ్ళే ఒక ఊహాజనిత ఎ320 నియో విమానాన్ని తీసుకుంటే 9వ అంశంలో ఎ20ఎన్/ఎం అని ఉంటుంది. 10వ అంశంలో ఎస్-డి-ఎఫ్-జి-ఐ-ఆర్-డబ్ల్యు-వై/ఎల్-బి1 అని ఉండవచ్చు. మధ్యలోని చిన్న గీతలు ఇక్కడ చదవడానికి వీలుగా ఇచ్చినవే, అసలు పత్రంలో అక్షరాలన్నీ కలిసి ఉంటాయి. ఎం అనగానే ముందు వెళ్ళే పెద్ద విమానం నుండి దీనికి కావలసిన దూరం తెలుస్తుంది. డబ్ల్యు ఉంది గనుక 35,000 అడుగులు ఇవ్వవచ్చు. గీత తరువాతి ఎల్, బి1 అక్షరాలను బట్టి ఇది తన పేరును, ఎత్తును రాడార్‌కు చెబుతుందని, స్థానాన్ని తానే ప్రకటిస్తుందని తెలుస్తుంది.

ఆర్ అక్షరం ఉంటే 18వ అంశంలో పిబిఎన్ అనే గుర్తు తరువాత మరికొన్ని సంకేతాలు తప్పనిసరి. దారి నుండి ఎంత లోపు పక్కకు తొలగకుండా ఎగరగలదో అవి చెబుతాయి. బి1 అంటే 5 నాటికల్ మైళ్ళ లోపు, డి1 అంటే 1 నాటికల్ మైలు లోపు. ఇక్కడి బి1కు, నిఘా పరికరాలలోని బి1కు ఏ సంబంధమూ లేదు. కొత్తవారిని ఇది తికమక పెట్టడంలో ఆశ్చర్యం లేదు. ఇటువంటివి ఎనిమిదికి మించి రాయరాదు.

2012 మార్పు

ఈ సంకేతాలలో పెద్ద మార్పు 2012 నవంబరు 15న అమలులోకి వచ్చింది. అంతకు ముందు డేటా లింకు ఏ రకమైనదైనా జె అనే ఒక్క అక్షరమే ఉండేది. ఉపగ్రహాలు, కొత్త రేడియో పద్ధతులు వచ్చాక ఆ ఒక్క అక్షరంతో పని జరగలేదు. అందుకే అక్షరం పక్కన అంకె చేర్చే పద్ధతి మొదలైంది. ఎస్ అర్థం కూడా అప్పుడే మారింది. పూర్వం ప్రామాణిక పరికరాలలో ఎడిఎఫ్ కూడా ఉండేది. దానికి సంకేతాలు పంపే నేల మీది కేంద్రాలను పలు దేశాలు మూసివేస్తూ రావడంతో దాన్ని ఎస్ నుండి తొలగించారు. అప్పటి నుండి ఎడిఎఫ్ ఉన్న విమానం ఎఫ్ అక్షరాన్ని వేరుగా రాయాలి. 2012కు ముందు ముద్రించిన పాఠ్యపుస్తకాలు చదివే విద్యార్థులు ఈ తేడాను గమనించాలి.

అమెరికా పద్ధతి

అమెరికాలో దేశీయ విమానాలకు చాలాకాలం వేరే పద్ధతి నడిచింది. అక్కడ విమాన రకం తరువాత గీత గీసి ఒకే ఒక్క అక్షరంతో పరికరాలన్నిటినీ సూచించేవారు. గీత తరువాత జి ఉంటే ఉపగ్రహ మార్గ నిర్దేశం, ఎత్తును తెలిపే ట్రాన్స్‌పాండర్ ఉన్నాయని, ఎల్ ఉంటే వాటితో పాటు ఆర్‌విఎస్‌ఎం ఆమోదం కూడా ఉన్నదని అర్థం. ఐకావో పద్ధతిలో అదే చోట వచ్చే ఎల్ తేలికపాటి విమానాన్ని సూచిస్తుంది కనుక, రెండు పద్ధతులూ వాడే పైలట్లు జాగ్రత్తగా ఉండవలసి వచ్చేది. 2019 ఆగస్టు 27 నుండి అమెరికా దేశీయ ప్రణాళికలకు కూడా ఐకావో పత్రాన్నే తప్పనిసరి చేసింది.